పదిహేడో ఫైలు మీద చీటీ

ఆ చీటీ ఏ రోజు పోయిందో గురువారం పొద్దున దాకా ఎవరికీ తెలియదు. మనిషి పోయిన రోజు మాత్రం అందరికీ తెలుసు. సోమవారం, మధ్యాహ్నం రెండూ పది. పాత గిడ్డంగిలో సరుకులెత్తే లిఫ్టు, నంబరు పదిహేడు, మూడో అంతస్తు నుంచి జారి కింద పడింది. దాని కప్పు మీద నిలబడి ఇనప తాడు చూస్తున్న మెకానిక్కు రెండున్నరకి చనిపోయాడు.

ఆయన భార్య అదే కంపెనీలో రికార్డుల గుమస్తా. లిఫ్టులు తనిఖీ చేసి బాగుచేసే కంపెనీ అది. ప్రతి తనిఖీ రిపోర్టూ ఆవిడ చూడాలి. అనుమానం ఉంటే ఆపాలి. పదిహేడో రిపోర్టు ఆగలేదు. ఆవిడే సరిగ్గా చూడకుండా వదిలేసిందని పోలీసు ఇన్‌స్పెక్టరు తేల్చాడు. గురువారం పన్నెండు గంటలకి వచ్చి ఆవిడని తీసుకెళ్తానని బుధవారం సాయంత్రమే చెప్పి పోయాడు.

గురువారం పదీ ఇరవైకి డిటెక్టివ్ ఆ ఆఫీసు మెట్లెక్కారు. ఇరవై రెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి ఈ పనిలోకి వచ్చిన మనిషి. అందరూ మాస్టారు అనే పిలుస్తారు. ఆవిడ అన్నయ్య ముందురోజు ఫోను చేసి ఒకే ఒక్క మాట అన్నాడు: “మా చెల్లెలు చీటీ పెట్టానంటోంది మాస్టారూ, అది నిజమో కాదో తేల్చండి చాలు.”

ఆవిడ సందర్శకుల గదిలో గోడవైపున్న కుర్చీలో కూర్చుని ఉంది. తన గదిలోకి తనని వెళ్ళనివ్వడం లేదు.

“చీటీ పెట్టానండీ. పోయిన వారం మంగళవారం, పదకొండూ ఇరవైకి.”

“గుర్తుందా అమ్మా, పెట్టే ఉంటాననుకుంటున్నారా?”

ఆవిడ చేతిలో రుమాలు నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పింది.

“సోమవారం దాకా గుర్తుంది. అందరూ లేదు లేదు అంటుంటే ఇప్పుడు నాకే తెలియడం లేదు. పెట్టాలనుకుని, ఈలోగా ఎవరో పిలిస్తే లేచానేమో. పెట్టకపోతే ఆయన్ని చంపింది నేనే కదా మాస్టారూ.”

కాదని మాస్టారు అనలేదు. రెండేళ్ళ కిందట తన ఇంట్లో మనిషి పోయినప్పుడు వచ్చి చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. అవి ఎందుకూ పనికిరావని అప్పుడే తెలిసింది.

“చీటీ అంటే ఏమిటో చెప్పండి. నన్ను మొద్దు పిల్లాణ్ణి అనుకోండి.”

ఆవిడ కొంచెం నిటారుగా కూర్చుంది. పని గురించి అడిగితే ఆ గొంతులో వణుకు తగ్గింది.

“రిపోర్టు మీద ఇంజనీరు సంతకం పడ్డాక అందులో ఒక్క అక్షరం మార్చకూడదండీ. మారిస్తే తెలిసిపోతుంది. ఫైలు మొత్తం మీద లెక్క కట్టి కంప్యూటరు అరవై నాలుగు అక్షరాల ముద్ర ఒకటి ఇస్తుంది. దాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తాం. లోపల చుక్క మారినా ముద్ర మారిపోతుంది. మరి నాకు అనుమానం వస్తే ఎక్కడ రాయాలి? లోపల రాయకూడదు. అందుకని బయట అంటిస్తాను.”

“బయట అంటే?”

“ఉత్తరం లోపల ఉంటుంది, కవరు మీద మనం ఏదో రాస్తాం. ఉత్తరానికి ఏమీ కాదు. కంప్యూటర్లో ప్రతి ఫైలుకీ అలాంటి చోటు ఉంటుందండీ. ఒక పేరు పెట్టి, ఆ పేరు కింద ఒక మాట రాసి అంటించొచ్చు. మౌసుతో నొక్కితే కనపడదు. నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేసి అడగాలి. అడిగితే చూపిస్తుంది, అడగనివాళ్ళకి లేనట్టే. ఆఫీసులో మేం దాన్ని చీటీ అంటాం. నా చీటీ పేరు ఎప్పుడూ ఒకటే, అనుమానం.”

“పదిహేడు మీద ఏం అనుమానం వచ్చింది?”

“తాడు మందం. మూడు చోట్ల కొలుస్తారు. పోయినేడాది మూడు అంకెలూ ఎంతో ఈ ఏడాదీ సరిగ్గా అంతే. మిల్లీమీటరులో వందో వంతు కూడా తేడా లేదు. ఏడాది పాటు సరుకులు మోసిన తాడు అరగదా అండీ? సబ్బుబిళ్ళే అరుగుతుంది.”

“ఎవరు కొలిచారో రాసుంటుందా?”

“ఉండదు. ఇంజనీరు గారి సంతకం ఒక్కటే.”

“చీటీ పెట్టాక?”

“శనివారం అన్ని ఫైళ్ళనీ అడుగుతాను. చీటీ ఉన్నవాటి నంబర్లు పట్టీగా వస్తాయి. ప్రింటు తీసి గోడకి అంటిస్తాను. దాంట్లో ఉన్న లిఫ్టు మళ్ళీ కొలిచేదాకా మూతపడుతుంది.” ఆవిడ కళ్ళు దించుకుంది. “పోయిన శనివారం పట్టీలో ఆరు నంబర్లున్నాయి. పదిహేడు లేదు. నా చేత్తో నేనే అంటించాను మాస్టారూ. చదవలేదు.”

మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. *మంగళ 11.20 ఉంది. శని లేదు.* కింద ఒక గీత గీసి లేచారు.

*

ఇంజనీరు గది తలుపు తెరిచే ఉంది. ఆయన నిలబడి ఫోనులో మాట్లాడుతున్నవాడల్లా మాస్టార్ని చూసి పెట్టేశాడు.

“చూడండి, ఆవిడకి జరిగింది చాలా దారుణం. నేను కాదనను. కానీ చీటీ లేదు. లేనిదాన్ని ఉందంటే ఎలా?”

“చీటీ గురించి నేనింకా అడగలేదండీ. తాడు గురించి వచ్చాను. పదిహేడు కొలిచింది ఎవరు?”

“నేనే. సంతకం నాది కదా.”

“ఏ రోజు?”

“పోయిన వారం కాదు, అంతకు ముందు వారం శుక్రవారం.”

“ఆ రోజు మొత్తం ఎన్ని లిఫ్టులు?”

“పదకొండు.”

“ఎన్నింటికి మొదలుపెట్టారు?”

“తొమ్మిదింటికి. ఐదున్నరకి వచ్చేశాను. ఇదంతా ఎందుకు?”

మాస్టారు పుస్తకంలో కూడికలు వేశారు. తొందరపడలేదు. ఇంజనీరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

“ఎనిమిదిన్నర గంటలు. అయిదు వందల పది నిమిషాలు. ఒక లిఫ్టు తాడు కొలవడానికి నలభై నిమిషాలు పట్టాలని మీ నిబంధనల కాగితం వరండాలో వేలాడుతోంది. పదకొండు నలభైలు నాలుగు వందల నలభై. మిగిలింది డెబ్భై. ఊళ్ళో పదకొండు చోట్లకి డెబ్భై నిమిషాల్లో తిరిగారు. మధ్యలో భోజనం కూడా చెయ్యలేదన్నమాట.”

“సాయానికి మనుషులుంటారు.”

“ఎవరు?”

“డ్యూటీ పుస్తకంలో ఉంటుంది.”

“పుస్తకం?”

“కనపడటం లేదు.” అని వెంటనే, “నేను దాచానని కాదు,” అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడం మాస్టారుకి బళ్ళోనే అలవాటైన దృశ్యం. ఆయన ఇంకేమీ అడగకుండా బయటికి నడిచారు. కొలత అబద్ధం, అది తేలిపోయింది. కానీ ఆవిడ అడిగింది అది కాదు. చీటీ పెట్టిందా లేదా అన్నదే ఆవిడకి కావాలి. పదకొండూ ఐదు అయింది.

*

ఇన్‌స్పెక్టరు యాభై అయిదు నిమిషాలు ముందే వచ్చాడు. వెనక ఒక కానిస్టేబులు.

“నమస్కారం మాస్టారూ! మీరు ఉంటారని తెలిసే తొందరగా వచ్చాను. నేను జ్ఞాపకం ఉన్నానా? పదో తరగతి, చివరి బెంచీ. లెక్కల్లో ముప్పై నాలుగు వేశారు. ఒక్క మార్కు, ఒక్కటంటే ఒక్కటి కలిపితే మీ సొమ్మేం పోయింది?”

“కలపడానికి నీ పేపర్లో చోటు దొరకలేదు నాయనా.” మాస్టారు ఆగి, సర్దుకున్నారు. “ఇప్పుడు ఇన్‌స్పెక్టరు గారు కదా, మీరు అనాలి.”

“ఏదైనా ఫరవాలేదు, ఈ పేపరు నేను దిద్దుతున్నాను.” అతను లాప్‌టాప్ తెరిచి, చిన్న పెన్‌డ్రైవు గుచ్చాడు. “మంగళవారం పొద్దున వీళ్ళ ఫైళ్ళన్నీ దీంట్లోకి కాపీ చేయించి కంప్యూటరుకి సీలు వేశాను. ఇదిగో పదిహేడు. పుస్తకంలో ముద్ర ఇదీ, నేను తీసిన ముద్ర ఇదీ. అరవై నాలుగు అక్షరాలూ ఒకటే. ఫైలుని ఎవడూ ముట్టుకోలేదు. చీటీ ఏదీ? అడిగి చూశాను, లేదు. పెట్టలేదు కాబట్టి లేదు. ఇంతకన్నా లెక్క ఏముంది?”

ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఆమె వైపు చూడలేదు.

“ముద్ర ఉత్తరానికండీ,” అన్నారు మాస్టారు. “కవరుకి కాదు. చీటీ పెట్టినా, పీకినా ముద్ర మారదు. అవునా అమ్మా?”

“మారదండీ.”

“అందుకని ముద్ర కలిసిందంటే చీటీ సంగతి ఏమీ తేలదు. ఇక రెండోది. గోడమీద పట్టీలో ఆరు నంబర్లున్నాయి. ఆ ఆరింటికీ చీటీలున్నట్టే కదా? మీ కాపీలో ఆ ఆరింటినీ అడగండి.”

ఇన్‌స్పెక్టరు నవ్వుతూనే టైపు చేశాడు. మొదటి ఫైలుకి ఏమీ రాలేదు. రెండోదానికీ రాలేదు. మూడోదాని దగ్గర నవ్వు ఆగింది. ఆరూ అయ్యేసరికి అతను కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఆవిడ నెమ్మదిగా అంది, “పెన్‌డ్రైవు మీద చీటీలు నిలబడవండీ. మామూలుగా కాపీ చేస్తే ఉత్తరం ఒక్కటే వెళ్తుంది. చీటీలతో సహా పంపమని వేరే చెప్పాలి. చెప్పినా, ఉంచుకునే చోటు ఆ డ్రైవుకి లేదు.”

“అయితే నా దగ్గరున్నది...”

“ఉత్తి ఉత్తరాలు.” మాస్టారు గొంతు పెంచలేదు. “పదిహేడుకి చీటీ లేదని చెప్పడానికి మీరు చూపించే కాగితం, ఉన్న ఆరింటికీ లేదంటోంది. నేను కోర్టులో అడగను. అడిగేవాళ్ళు ఉంటారు. సీలు మీరే వేశారు, మీరే తీయండి. అసలు కంప్యూటర్నే అడుగుదాం.”

“ఎంతసేపు?”

“పావుగంట.”

“పన్నెండుకి ఆవిడ జీపులో ఉండాలి. చీటీ ఉంటే క్షమాపణ చెప్తాను. లేకపోతే మీరు ఆ ముప్పై నాలుగుని ముప్పై అయిదు చేసి సంతకం పెట్టాలి.”

“ఆ పేపరు చెదలు తినేసి ఉంటుందండీ,” అన్నారు మాస్టారు. “పదండి.”

*

రికార్డుల గది చిన్నది. ఒక కిటికీ, రెండు ఇనప బీరువాలు, ఒక బల్ల. కుర్చీ మీద సన్నటి దిండు. కంప్యూటరు తెరకి అడ్డంగా అంటించిన సీలు కాగితాన్ని ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు ఎదుటే చించాడు. టైము రాసుకున్నారు. పదకొండూ ఇరవై తొమ్మిది.

కీబోర్డు పక్కన బల్లకి ఒక కాగితం అంటించి ఉంది. గుండ్రటి చేతిరాత. *పెట్టాలంటే, చూడాలంటే, తీసెయ్యాలంటే* అని మూడు వరసలు, ఒక్కోదాని ఎదురుగా ఇంగ్లీషులో ఒక్కో ఆజ్ఞ. పక్క గదిలో కొత్తగా చేరినవాళ్ళ కోసం రాసిందట. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. ఇది చూసుకుంటూ ఎవరైనా పెట్టొచ్చు. ఎవరైనా తీసెయ్యొచ్చు.

“పాస్‌వర్డు?”

ఆవిడ గుమ్మంలోంచే చెప్పింది. మాస్టారు ఒంటి వేలితో కొట్టారు.

“ఒక్కో అక్షరానికి ఒక్కో పీరియడా మాస్టారూ?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఈ పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసమ్మా?”

“ఎవరికీ... ఇంట్లో కంప్యూటరుకీ ఇదే. ఆయనకి తెలుసు.”

మాస్టారు ముందు పట్టీలో ఉన్న ఆరు ఫైళ్ళనీ అడిగారు. ఆరింటికీ చీటీలు వచ్చాయి. ఆవిడ మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. *brake shabdam. malli choodali.* తర్వాత మాస్టారు పదిహేడుకి వచ్చి, కాగితం మీది రెండో వరస చూసుకుంటూ కొట్టారు.

getfattr -d 17.pdf

తెర మీద జవాబు వచ్చింది. అనుమానం అనే పేరు లేదు.

గుమ్మంలో ఆవిడ గోడని పట్టుకుంది.

“అయిపోయింది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి నవ్వలేదు. “క్షమించండమ్మా.”

“ఆగండి. ఏదో ఒకటి ఉంది.” మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. అనుమానం లేదు గానీ ఇంకేదో పేరుతో ఒక వరస ఉంది. దాని ఎదురుగా సున్నా, ఎస్సు, నాలుగు, ఎల్లు... రెండు వేళ్ళ వెడల్పున అర్థం లేని అక్షరాలు వరసలు వరసలుగా ఉన్నాయి.

“చెత్త,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “వైరస్సేదో వదిలిపెట్టిన చెత్త. అలాంటివి వంద చూశాను.”

“చెత్త ఎప్పుడు పడిందో చూద్దాం.”

ఆవిడ గుమ్మంలోంచి ఇంకో ఆజ్ఞ చెప్పింది. stat అని నాలుగే అక్షరాలు, ఆ తర్వాత ఫైలు పేరు. ఫైలు తాలూకు తేదీలు వచ్చాయి. మాస్టారు వేలు పెట్టి చదివారు.

“లోపలి విషయం చివరిసారి మారింది పోయిన వారం సోమవారం, సాయంత్రం నాలుగూ పదిహేను. అది సంతకం పడిన టైము, సరిపోయింది. దాని కింద ఇంకో తేదీ ఉంది. శుక్రవారం, పొద్దున ఏడూ నాలుగు. ఇదేమిటమ్మా?”

“అది బయటి మార్పుకండీ. లోపల ముట్టుకోకపోయినా, చీటీ పెట్టినా తీసినా ఆ టైము మారుతుంది.”

“పేరు మార్చినా మారుతుంది, అనుమతులు మార్చినా మారుతుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “నాకూ ఆ మాత్రం తెలుసు.”

“నిజమే. ఏం చేశారో ఈ టైము చెప్పదు. కానీ పెట్టానన్న మంగళవారానికీ, పట్టీ తీసిన శనివారానికీ మధ్యలో, ఆఫీసు తెరవకముందు ఎవరో ఈ ఫైలుకి ఏదో చేశారు. తొమ్మిదింటికి కదా ఆఫీసు? ఏడింటికి తాళం ఎవరు తీశారు?”

ఇన్‌స్పెక్టరు మాస్టార్ని ఒక క్షణం చూశాడు. తర్వాత కానిస్టేబుల్ని పంపకుండా తనే వెళ్ళి కింద వాచ్‌మన్ దగ్గరున్న తాళాల పుస్తకం తెచ్చాడు. నడుస్తూనే పేజీ తిప్పుతున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశాడు.

“అమ్మా, ఈ సంతకం ఎవరిది?”

శుక్రవారం. ఆరూ యాభైకి తాళం తీసుకున్నారు. ఏడూ పదిహేనుకి ఇచ్చారు. కారణం, గ్రీజు డబ్బా.

“ఆయనదే. ఆ రోజు పెందలాడే వెళ్ళారు. టీ కూడా తాగలేదు. గ్రీజు డబ్బా కింద షెడ్డులో ఉంటుంది కదా. పైకెందుకు...”

మాట మధ్యలో ఆపి ఆవిడ గదిలోకి వచ్చింది. ఎవరూ అడ్డుకోలేదు. తెర మీదికి వంగి, ఆ అర్థంలేని అక్షరాల ముందున్న పేరు చదివింది.

user.neeku

“ఇది చెత్త కాదు,” అంది.

“మరి?”

“నీకు అని పేరు పెట్టారు. తెలుగు అక్షరాల్లో రాస్తే ఈ ఆజ్ఞ ఇలాగే చూపిస్తుందండీ. అందుకే మేమందరం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాం. ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన మెకానిక్కు కదా, ఆయనకి తెలియదు. కాగితం చూసి పెట్టుంటారు.” ఆవిడ ఆ మూడు వరసల కాగితాన్ని ఒకసారి తాకింది. “మాట ఒక్కటే చూపించమని అడగాలి. నేను కొట్టనా?”

మాస్టారు ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. అతను తల ఊపాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే టైపు చేసింది. ఆ వేళ్ళు తడబడలేదు.

getfattr -n user.neeku --only-values 17.pdf

ఈసారి తెలుగు వచ్చింది. పదకొండూ నలభై ఒకటి.

*పదిహేడుని అడిగి చూస్తే నీ చీటీ కనపడింది, నేనే తీశాను. కోప్పడకు. పదిహేడు నేను కొలవలేదు. ఒక్క రోజులో పదకొండు లిఫ్టులు కొలవమని సారు నన్నొక్కణ్ణే పంపారు. ఎనిమిది లిఫ్టులు అయ్యేసరికి చీకటి పడింది. మిగిలిన మూడింటికి పోయినేడాది అంకెలే రాసిచ్చాను. నీ చీటీ పట్టీలోకి ఎక్కితే నా ఉద్యోగం పోతుంది. సోమవారం పదిహేడు నిజంగా కొలిచొస్తాను. తర్వాత ఇరవై ఆరు, ముప్పై ఒకటి కూడా. అప్పుడు నీ ఇష్టం, ఏ చీటీ పెట్టినా సరే. ఇంట్లో నీ ముఖం చూసి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.*

ఎవరూ గట్టిగా చదవలేదు. ఎవరికి వారే చదువుకున్నారు. అందరికన్నా ముందు చదవడం ముగించింది ఆవిడే.

“పెట్టాను,” అంది. “నేను పెట్టాను మాస్టారూ.”

“పెట్టారమ్మా.”

“ఆయన ఇది నేను చూస్తాననుకున్నారు. శనివారం నేను ఫైళ్ళన్నీ అడుగుతానని తెలుసు కదా. కానీ నేను అడిగేది ఒక్క పేరే. అనుమానం అన్న పేరున్నవే వస్తాయి. ఇది రాలేదు. శుక్రవారం, శనివారం, ఆదివారం నేను ఏమీ అనలేదు. చూసి కూడా ఊరుకున్నాననుకున్నారేమో. సోమవారం పొద్దున వెళ్తూ, సాయంత్రం మాట్లాడుకుందాం అన్నారు. ఏం మాట్లాడాలి అన్నాను.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. క్షమాపణ చెప్తానన్నాడు గానీ ఏ మాటతో మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు. మాస్టారు అతన్ని ఆదుకోలేదు. ఆయన చూపు ఆ మాటల మధ్యలో ఒకచోట ఆగిపోయి ఉంది.

“మూడింటికి అన్నాడు,” అన్నారు మాస్టారు. “పదిహేడు ఒకటి. ఇరవై ఆరు, ముప్పై ఒకటి. ఇవి పట్టీలో ఉన్నాయా?”

ఆవిడ గోడవైపు చూడనైనా చూడలేదు. “లేవు. ఆ రెండు రిపోర్టులూ నా దగ్గరికి సోమవారం వచ్చాయి. నేను ఇంకా తెరవలేదు.”

“అంటే నడుస్తున్నాయా?”

జవాబు కోసం ఆగకుండా ఇన్‌స్పెక్టరు వరండాలోకి ఉరికి ఇంజనీర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఇంజనీరు తెర మీది మాటలు చదివాడు.

“వాడే రాసిచ్చాడు, నేను నమ్మాను, నాకు...”

“ఆ సంగతి తర్వాత. ఇరవై ఆరు ఎక్కడ?” అన్నారు మాస్టారు.

“బట్టల కొట్టు. పెద్ద బజార్లో.”

“ఫోను చెయ్యండి. ఇక్కడే, నా ఎదురుగా.”

రెండోసారి మోగగానే ఎత్తారు. ఇంజనీరు చెప్పాడు. ఖాళీ లిఫ్టుని కింది అంతస్తులో నిలబెట్టి కరెంటు తీసేశామని నాలుగు నిమిషాల్లో వాళ్ళే తిరిగి చేశారు. పదకొండూ నలభై ఎనిమిది.

“ముప్పై ఒకటి?”

ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు. “కళ్ళ ఆసుపత్రి.”

“ఎన్ని తాళ్ళు?”

“మూడు. మూడూ ఒకే వయసువి. మార్చాల్సిన ఏడాది ఇదే.”

“ఎంతమంది పడతారు?”

“ఎనిమిది. పొద్దున ఆపరేషన్లు అయినవాళ్ళని పన్నెండింటికి కిందికి దింపుతారు. కళ్ళకి కట్లుంటాయి, మెట్ల మీద నడిపించరు. అందరినీ లిఫ్టులోనే...”

అతను చెప్తూ ఉండగానే ఆవిడ ఆసుపత్రి నంబరు కలిపింది. రికార్డుల్లో ఉన్న నంబర్లన్నీ ఆవిడకి నోటికొచ్చు. లైను ఖాళీ లేదన్న శబ్దం వచ్చింది. పెట్టేసి మళ్ళీ చేసింది. అదే శబ్దం. ఇంజనీరు తన ఫోనులోంచి ఆసుపత్రి మేనేజరుకి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్సులో అరుస్తున్నాడు. దగ్గర్లో ఉన్న జీపు అక్కడికి చేరడానికి పదిహేను నిమిషాలు పడుతుందన్నారు. “పదిహేను కాదు, ఏడు!” అన్నాడు. అవతలి మనిషి ఏమన్నాడో వినపడలేదు. అతను మెట్లు రెండేసి చొప్పున దిగుతూ వెనక్కి తిరిగి, “మాస్టారూ, ఫోను వదలొద్దు!” అని కేకేశాడు.

మాస్టారు ఇంజనీరు చేతిలోంచి ఫోను తీసుకుని మళ్ళీ కలిపారు. గోడ గడియారం పదకొండూ యాభై రెండు చూపిస్తోంది. ఆవిడ ఒక చెవికి ఫోను ఆనించుకునే ఉంది. రెండో చేత్తో కీబోర్డు దగ్గరికి లాక్కుని, ముప్పై ఒకటో ఫైలుకి చీటీ టైపు చేసింది. కాగితం చూసుకోలేదు. ఎంటర్ నొక్కి, పడిందో లేదో అడిగి చూసింది. పడింది. ఇంకోసారి అడిగి చూసింది.

ఆసుపత్రిలో ఫోను ఇంకా ఎవరూ ఎత్తలేదు. ముప్పై ఒకటో నంబరు లిఫ్టు ఇంకా ఆపలేదు.